స్వాతికి, తీగల పొట్లంతో పాటు

చి. స్వాతికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మేడ మీద ట్యాంకు మార్పించాం. అమ్మ మోకాలు కాస్త నయం. మొన్న మౌంట్ రోడ్డులో పని పడితే మ్యూజీ మ్యూజికల్‌లోకి వెళ్ళాను. 1842 నాటి కొట్టు, నీ మొదటి గిటార్ కొన్నది అక్కడే కదా. ఎలాగూ వెళ్ళాను కదా అని నీ ఎలక్ట్రిక్ గిటార్‌కి తీగల సెట్టు తీసుకున్నాను. మందం తొమ్మిది - నలభై రెండు. నీ సొరుగులో ఉన్న పాత కవరు చూసి రాసుకుని వెళ్ళాను.

పద్మ కూతురు అమ్మతో అన్నదట, నీ గదిలో గిటార్ మూలన పడి ఉందని, సన్న తీగ తెగి వేలాడుతోందని. పని ఒత్తిడిలో కుదరలేదేమోలే.

వేసేటప్పుడు ఆరూ మార్చు. ఒకటి తెగిందంటే మిగతావీ పాతబడినట్టే. అన్నీ ఒకేసారి విప్పకు. నీ గిటార్‌లో తీగలు తగిలించే బ్రిడ్జి వెనక స్ప్రింగుల మీద నిలబడుతుంది, తీగల బిగువు ఒక్కసారిగా పోతే వెనక్కి కూలబడుతుంది. ఒకటి తీసి, కొత్తది వేసి, శ్రుతి చేశాకే రెండోదాని జోలికి వెళ్ళు. ఇంకాస్త మందమైన పదో నంబరు సెట్టు బాగుంటుందని ఎవరైనా చెప్పినా వద్దు, బిగువు పెరిగి బ్రిడ్జి పైకి లేస్తుంది. శ్రుతి కీ చుట్టూ రెండు మూడు చుట్లు చాలు. చివర కత్తిరించేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకో, ఆ ముక్క కంటికే ఎగురుతుంది. కొత్త తీగలు సాగుతాయి, మెల్లగా లాగి మళ్ళీ శ్రుతి చెయ్యి. వాయించాక పొడి గుడ్డతో తుడువు, చెమటకు తుప్పు పడతాయి.

ఒక్క తీగకి పది నిమిషాలు పట్టదు స్వాతీ. ఇంటర్ పరీక్షలప్పుడు కూడా రాత్రి పూట ఆంప్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించిన దానివి.

పెద్దత్త పెళ్ళిచూపులు నీకు చెప్పానా? తెనాలి ఇంట్లో, మామయ్య తరఫు వాళ్ళు పదిమంది. అత్త వీణ ముందు కూర్చుని మొదలుపెట్టిందో లేదో, సారణి తీగ టప్పున తెగింది. బామ్మ ముఖం పాలిపోయింది, శకునమని. తాతయ్య "చాల్లే అమ్మా, లే" అన్నాడు. అత్త లేవలేదు. పెట్టెలోంచి కొత్త తీగ తీయించి, బిరడాకి చుట్టి, అందరి ముందూ తీరిగ్గా శ్రుతి చేసింది. అది నిలిస్తే కదా! కొత్త తీగ, దిగుతూనే ఉంది. మళ్ళీ బిగించింది. కాఫీలు చల్లారిపోయాయి, మామయ్య వాళ్ళ నాన్న గడియారం చూసుకుంటున్నారు. ఆఖరికి వర్ణం మొత్తం వాయించాకే లేచింది. వాకిట్లోకి వెళ్ళగానే మామయ్య ఈ సంబంధం ఖాయం చేయమన్నాడట.

ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా? నీ ఫోన్లు "బాగున్నా నాన్నా" దగ్గరే అయిపోతున్నాయి. అర్ధరాత్రి నూడుల్స్ తింటే నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే ఏ పనీ తోచదు. టైముకి తిను. ఉద్యోగం నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఇంకోటి చూసుకుందాం. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. అమ్మకి నేను చెబుతాను.

కందిపొడి వేరే కవర్లో ఉంది, తీగలకి తగలనివ్వకు. శుక్రవారం సెలవు పెట్టగలిగితే మధ్యాహ్నం బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కెయ్. చెన్నై సెంట్రల్‌కి నేను వస్తాను. గిటార్ కూడా పట్టుకురా, తీగలు ఇక్కడే వేద్దాం.

నాన్న