గుడ్డు చేపను వదిలేసిన వాడి పొయ్యి కూడా వెలగాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట గేట్లెత్తి, కర్నూలు మీదుగా ఎర్రనీళ్లు కిందికి పోయినాయంటే శ్రీశైలం వెనుకజలాల పల్లెల్లో చేపలు పట్టే పుట్టీలు గట్టెక్కాల్సిందే. జూలై, ఆగస్టు నెలల్లో వేట వద్దని సర్కారు నిబంధన. మంచి నిబంధనే. బొచ్చ, రోహు, ఎర్రమోసు నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు, కొత్తనీటి ఉరవడి తగలాలి. వెనుకజలాల్లో సంగమేశ్వరం గుడి మునిగే రోజుల్లోనే అవి ఏటికి ఎదురెక్కి, పలచని నీళ్లలో గుడ్లు వదులుతాయి. ఒక పగలూ రాత్రీ తిరగకముందే ఆ గుడ్లు పిల్లలవుతాయి. ఆడచేప బరువులో కిలోకు లక్షకు పైగా గుడ్లుంటాయి. కాబట్టి ఈ రోజుల్లో ఒక్క చేపను పట్టడమంటే ఏడాది పంటను విత్తనంలోనే తినేయడం.

నేను ఆ పల్లెల్లోనే బెస్త ఇంట్లో పుట్టినాను. ఉన్న కొంచెం పొలం ప్రాజెక్టు కింద మునిగిపోయినాక మాకు మిగిలింది ఏరే. కొత్తనీళ్లలో గుడ్డు చేప వలలో పడితే మా నాయన దాన్ని రెండు చేతులతో పట్టి మళ్లీ నీళ్లలోకి వదిలేవాడు. అప్పుడు ఏ అధికారీ వచ్చి చెప్పలేదు.

మొన్న ఆదివారం తమ్ముణ్ణి చూడ్డానికి పోయినాను. పుట్టి వేపచెట్టు కింద బోర్లించి ఉంది. "ఈ రెండు నెల్లు ఎట్ల రా?" అంటే, "దొరికిన దినం కూలికి పోతాండా న్నా" అన్నాడు. చీకటి పడినాక గట్టున కూర్చుంటే దూరంగా మనుషుల కేకలు వినిపించినాయి. అలివి వల లాగుతున్నారంట. వందల గజాల పొడవు, దోమతెర లాంటి కన్ను. రెండు కొసలూ పట్టి గట్టుకు లాగితే గుడ్డు చేపతో పాటు వేలెడంత పిల్ల కూడా మిగలదు. ఏటా ప్రజల డబ్బుతో జలాశయంలో వదిలే చేపపిల్లలు కూడా అందులోనే పోతాయి. వాటన్నిటినీ ఎండబెట్టి బస్తాలకెత్తుతారు. నిషేధించిన వల అది. తమ్ముడోళ్లు పోయి అధికారులకు చెప్పుకుంటే, "అవతలి గట్టు మా కిందికి రాదు" అని జవాబు వచ్చిందట. నిజమే, ఈ గట్టు నంద్యాల జిల్లా, ఎదుటి గట్టు తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా. చేపకు ఆ హద్దు తెలియదు, అలివి వలవాళ్లకు మాత్రం బాగా తెలుసు. రెండు నెలలు ఖాళీగా ఉన్నది మా తమ్ముడి పుట్టి ఒక్కటే.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపుతారు. ఆ రోజులకు తీరంలోని మత్స్యకార కుటుంబానికి మన రాష్ట్రం 2025లో 20 వేల రూపాయలిచ్చింది. ఇవ్వాల్సిందే, వాళ్ల కష్టం మాకు తెలుసు. అదే కారణంతో పుట్టి గట్టెక్కించిన సీమ బెస్తకు మాత్రం ఆ సాయం లేదు. సహకార సంఘంలో పేరుండి, లైసెన్సుతో వేట చేసే కుటుంబాలకైనా ఈ రెండు నెలలకు ఏదో ఒకటి ఇవ్వమని అడుగుతున్నాను. కడుపు నిండిన బెస్త రాత్రిపూట ఏటి గట్టున తానే కాపలా కూర్చుంటాడు.

ఇంకొక మాట. అలివి వలను రాత్రి నీళ్ల మీద వెతికితే దొరకదు. చేపలు ఎండడానికి పట్టపగలు, ఆరుబయట రోజుల తరబడి కావాలి. ఆ తరువాత బస్తాలు ఎట్లయినా రోడ్డెక్కాల్సిందే. రెండు రాష్ట్రాల మత్స్యశాఖలూ పోలీసులూ ఒకే రోజు, రెండు గట్ల మీదా ఎండబెట్టే చోట్లకు పోయి ఆ వలలు స్వాధీనం చేసుకోవాలి. ఒక గట్టున దాడి చేస్తే వాళ్లు అవతలి గట్టుకు పోతారు, ఇన్నేళ్లుగా జరుగుతున్నది అదే.

సెప్టెంబరులో మా తమ్ముడు పుట్టి దించుతాడు. ఏట్లో గుడ్లున్నది ఇప్పుడు, కాబట్టి ఆ దాడులేవో ఈ వారమే జరగాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు