మొక్కజొన్న రైతుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మీటింగుల వివరాలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఇక్కడ చెప్పాల్సింది ఆకులపై పోషకాల పిచికారి గురించి.

పైరు మోకాలెత్తు రాకముందే లేత ఆకుల మొదట్లో, నడి ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు వచ్చాయని కొందరు ఫోటోలు పంపారు. అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ చొప్పున, వారం తేడాతో రెండుసార్లు కొట్టించాం. కొత్తగా విచ్చుకున్న ఆకులు పచ్చగా వచ్చాయి. ఒకాయన మాత్రం మిట్టమధ్యాహ్నం కొట్టి ఆకుల కొసలు మాడ్చుకున్నారు. ఉదయమో సాయంత్రమో కొట్టమని ఎన్నిసార్లు చెప్పాలి?

ఈ ఏడాది సంఘం గొప్పగా చెప్పుకోదగ్గది బకెట్ల ప్రదర్శన. అన్నీ ఒకే ట్యాంకులో కలిపేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందుకే ఒక బకెట్లో జింక్ సల్ఫేట్, ఇంకో బకెట్లో భాస్వరం ఉండే డీఏపీ ఎరువు తేట కలిపి, అందరి ముందూ ఒకదాన్ని రెండోదాంట్లో పోశాం. చూస్తుండగానే పాలు విరిగినట్టయి, అడుగున తెల్లటి పిండి పేరుకుంది. జింకూ భాస్వరమూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. ఇక ఆకుకు అందేదేముంది, నాజిల్ మూసుకుపోవడం తప్ప! “ఇన్నేళ్లూ నేను కొట్టింది ఇదేనా” అని ఒక పెద్దాయన తల పట్టుకున్నారు. బకెట్లు, నీళ్లు, టీ ఏర్పాటు చేసిన మహిళా సభ్యులకు, పొలం ఇచ్చిన రైతుకు కృతజ్ఞతలు.

పిచికారి చేశాం కదా అని నేలలో వేసే ఎరువు తగ్గించకండి. నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున ఉండే 19-19-19 ఎరువు లీటరుకు 5 గ్రాముల చొప్పున 200 లీటర్లకు కిలో పడుతుంది. అందులో నత్రజని 190 గ్రాములే, అర కిలో యూరియాలో ఉన్నంత కూడా కాదు.

కొట్టిన సాళ్లు, కొట్టని సాళ్లు విడిగా తూచి దిగుబడి తేడా చెబుతామని మాట ఇచ్చాం. పేర్లిచ్చిన వాలంటీర్లలో కోత రోజు వచ్చింది ఇద్దరే, అందులో ఒకణ్ణి నేను. కండెలన్నీ ఒకే కుప్పలో కలిసిపోయాయి. కాబట్టి దిగుబడి లెక్క ఈ నివేదికలో లేదు. వస్తానని రెండుసార్లు చెప్పిన అధికారి రెండుసార్లూ రాలేదు. ఆయన కోసం వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి చదువుతారు. ఖర్చు జమను దాటలేదు.

సంఘం స్ప్రేయర్‌తో కలుపు మందు కొట్టినవారు ఎవరో గానీ, శుభ్రంగా కడిగి వెంటనే తిరిగి ఇవ్వండి.

– కార్యదర్శి