వార్షిక నివేదిక: ఈ ఏడాది మన షెడ్డులో ఒక ఎంజీబీ

సభ్యులందరికీ నమస్కారం.

చెన్నైలోని మన తెలుగువాళ్ల పాత కార్ల సంఘం ఈ ఏడాది పడ్డ శ్రమలో ఎక్కువ భాగం ఒకే కారుకి పోయింది. అంబత్తూరు షెడ్డులో ఉన్న ఎంజీబీ రోడ్‌స్టర్ అది, అంటే పైన గట్టి కప్పు లేని బ్రిటిష్ కారు. కాబట్టి మిగతా సంగతులు ముందే చెప్పేస్తాను. ఉగాదికి పిల్లాపాపలతో ఈసీఆర్ మీదుగా మహాబలిపురం వెళ్లొచ్చాం, దారిలో ఏ బండీ మొరాయించలేదు. షెడ్డులో వెల్డింగ్ పని పెరిగింది కనుక రెండు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు కొన్నాం. చందా పెంచలేదు.

ఇక ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన కారు. మన సభ్యుడికి ఇది వాళ్ల నాన్నగారి నుంచి వచ్చింది. బీసెంట్ నగర్‌లో, సముద్రపు గాలి నేరుగా తగిలే పోర్టికోలో ఏళ్ల తరబడి నిలబడిపోయింది. పైకి పెయింటు బాగానే ఉంది. డోర్ల కింద కారు పొడవునా ఉండే రేకు దూలం, అంటే సిల్ మీద అయస్కాంతం పెడితే మాత్రం ఎక్కడా అంటుకోలేదు. గీకి చూస్తే అంతా లప్పమే, కింద రేకుని తుప్పు తినేసింది.

ఈ కారుకి విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. బాడీయే ఛాసిస్. పైన కప్పు కూడా లేదు కాబట్టి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య బరువులో ఎక్కువ భాగం మోసేది ఆ రెండు సిల్సే. ఒక్కోటి మూడు పొరల రేకు. బయటి పొర ఒక్కటే మార్చి రంగు కొడితే కారు మెరుస్తుంది గానీ బలం రాదు. మన ఊళ్లో కప్పు తెరిచే కార్లు, అంటే కన్వర్టిబుల్స్‌, చాలావాటికి జరిగే రిపేరు ఇదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన తప్పు కూడా ఇక్కడే జరిగింది. సిల్ కోసే ముందు డోరు ఖాళీలో అడ్డంగా ఇనప గొట్టం వెల్డ్ చేసి, బాడీ కదలకుండా చూసుకోవాలి. ఆ రోజు తొందరపడ్డాం. నేనూ అక్కడే ఉన్నాను. కారుని జాకీల మీద ఎక్కించి ఎడమ సిల్ కోసేశాం. సాయంత్రం డోరు వేయబోతే పడలేదు. టింకరింగ్ పనిలో జీవితమంతా గడిపిన మన నెల్లూరు మేస్త్రీ గారు సన్నని చెక్కబద్ద ఒకటి తీసుకుని డోరు అంచు చుట్టూ జరుపుతూ వచ్చారు. కింద వదులుగా ఆడింది, పైన ఇరుక్కుపోయింది. “నడుం వంగిపోయిందయ్యా” అన్నారు. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

ఫ్లోరు, రెండో సిల్, వెనక స్ప్రింగులు తగిలించే చోటు కూడా పోయాయని తేలాక, కొత్త బాడీషెల్, అంటే కారు రేకు గుల్ల మొత్తం, తెప్పించాలని సభ్యుడు నిర్ణయించుకున్నారు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి ఎంజీబీ షెల్స్‌ని కార్ల ఫ్యాక్టరీ వాడిన ఒరిజినల్ అచ్చుల మీదే కొడుతోంది. అమెరికాలో డైనాకార్న్ కూడా కమారో, మస్టాంగ్ కన్వర్టిబుల్ బాడీలు కొత్తగా చేస్తోంది. అంటే ఇది దొంగచాటు వ్యవహారం కాదు, పేరున్న పని.

అయినా సర్వసభ్య సమావేశంలో వాదన గట్టిగానే సాగింది. “బాడీ మారితే అది మీ నాన్నగారి కారు ఎలా అవుతుందండీ?” అని ఒక పెద్దాయన అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సభ్యుడు జవాబు చెప్పకుండా అందరినీ కారు దగ్గరికి తీసుకెళ్లారు. ఇగ్నిషన్ కింద డ్యాష్‌బోర్డు మీద, తాళాల గుత్తి ఊగి ఊగి గీసుకున్న చంద్రవంక లాంటి గీత ఉంది. ఎంజీబీ డ్యాష్‌బోర్డు విడిగా ఊడొస్తుంది. దాన్ని మళ్లీ రంగు వేయకుండా కొత్త షెల్‌కి బిగిస్తున్నాం. 1798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, గేర్‌బాక్సు, యాక్సిల్, సీట్లు అన్నీ పాతవే. విప్పిన ప్రతి బోల్టూ చీటీ కట్టిన డబ్బాలో ఉంది.

కాగితాల విషయంలో మాత్రం సంఘం గట్టిగా నిలబడింది. పాత షెల్ మీది ఛాసిస్ నంబరు ప్లేటు రివెట్లు ఊడదీసి కొత్త షెల్‌కి కొట్టేద్దామని ఒక సలహా వచ్చింది. కుదరదన్నాం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండికి 50 ఏళ్లు నిండాలి, ఛాసిస్‌లో గానీ బాడీషెల్‌లో గానీ ఇంజన్‌లో గానీ మార్పు ఉండకూడదు. షెల్ మార్చాక, వింటేజ్ బండ్లకి ఇచ్చే ‘వీఏ’ నంబరు అడగడం సరికాదు. ఆర్టీఓ రాతపూర్వకంగా అనుమతించేదాకా ప్లేటు పాత షెల్ మీదే ఉంటుంది. ఏది పాతదో ఏది కొత్తదో ఫొటోలతో సహా రిజిస్టరులో రాశాం. కారు రేపు చేతులు మారినా కొనేవాళ్లకి నిజం తెలియాలి.

మరో ఇద్దరు సభ్యులు తమ స్టాండర్డ్ హెరాల్డ్‌లకీ పూర్తి బాడీలు వెతకాలా అని అడిగారు. అక్కర్లేదు. మన చెన్నైలోనే 1961 నుంచి తయారైన ఆ కారుకి ఛాసిస్ విడిగా ఉంటుంది, బాడీ ముక్కలుగా బోల్టులతో ఊడుతుంది. పాడైన ముక్క వరకు చేసుకుంటే చాలు. ఒకదానికి ఫ్లోరు రేకు మేస్త్రీ గారు చెక్క సుత్తితో, ఇసుక సంచి మీద కొట్టి తయారుచేశారు.

పాత ఎంజీబీ షెల్‌ని తుక్కుకి ఇవ్వలేదు. కోసిన సిల్ అలాగే తెరిచి ఉంచాం, నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకి మూడు పొరలూ కళ్లారా కనబడతాయి.

కొత్త షెల్‌కి ఇంకా రంగు వేయలేదు. చక్రాల మీద దించి, విండ్‌షీల్డ్ ఫ్రేము బిగించి, డోర్లు సరిగా పడుతున్నాయో చూశాకే పెయింటు. రంగు అయ్యాక సిల్స్ లోపలికి మైనం కొట్టాలి, నీళ్లు కారే రంధ్రాలు పెయింటుతో పూడిపోకుండా చూడాలి. పోయిన వారం మేస్త్రీ గారు మళ్లీ అదే చెక్కబద్ద డోరు చుట్టూ జరిపారు. ఎక్కడా పట్టేయలేదు, ఎక్కడా ఆడలేదు. ఇంజన్ బరువు పడ్డాక ఇంకోసారి చూడాలన్నారు. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున ఇంజన్ ఎక్కిస్తున్నాం. నలుగురైదుగురు సాయం కావాలి, చేతికి గ్లవ్స్ తెచ్చుకోండి.

కార్యదర్శి