అమ్రా మాటతో ఆగిన శిక్ష

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీరు వేసిన ఇస్లాం చరిత్ర వ్యాసంలో తొలినాటి స్త్రీల చదువుకు ఒక్క వాక్యమే దక్కింది: ‘స్త్రీలు కూడా హదీసులు నేర్చుకున్నారు.’ హదీసులంటే ముహమ్మద్ ప్రవక్త (స) మాటలు, చేతల గురించిన ఉల్లేఖనాలు. పదేళ్ళుగా ఆడపిల్లలకు హదీసు పాఠాలు చెబుతున్నాను. ఆ ‘కూడా’ దగ్గర నా మనసు చివుక్కుమంది. వాళ్ళు నేర్పారండీ, మగవాళ్ళకు సైతం.

ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులు 2,210 అని పండితులు లెక్క చెబుతారు. కుక్క, గాడిద, స్త్రీ అడ్డొస్తే నమాజు భంగమవుతుందని ఎవరో అన్నప్పుడు, మమ్మల్ని కుక్కలతో, గాడిదలతో పోల్చారా అని ఆమె నిలదీశారు. ప్రవక్త (స) నమాజు చేస్తుంటే తాను ఎదురుగా పడుకుని ఉండేదాన్నని గుర్తుచేశారు. ఇది బుఖారీ హదీసు సంకలనంలోనే ఉంది.

ఆయిషా పేరు అందరూ ఎరుగుదురు. ఆమె ఇంట పెరిగిన శిష్యురాలు అమ్రా బిన్తె అబ్దుర్రహ్మాన్ పేరు మాత్రం మన పత్రికల్లో కనబడదు. అమ్రా దగ్గర చదువుకున్న జుహ్రీ ఆమెను ‘ఇంకిపోని సముద్రం’ అన్నారు. జుహ్రీ అంటే ఆ కాలపు హదీసు పండితుల్లో అగ్రగణ్యుడు.

మదీనాలో అబూబక్ర్ ఇబ్న్ హజ్మ్ న్యాయాధికారి. ఇనుప ఉంగరాలు దొంగిలించిన ఒక నబతీయ జాతివాణ్ణి పట్టి, చెయ్యి నరికించడానికి ఖైదులో పెట్టాడు. సంగతి తెలిసి అమ్రా మనిషిని పంపారు. పావు దీనారు (బంగారు నాణెం) విలువకు తక్కువైన దొంగతనానికి చెయ్యి నరకకూడదని కబురు. ఆయన ఖైదీని వదిలేశాడు. ఒక పేదవాడి చెయ్యి దక్కింది. ఇమాం మాలిక్ హదీసు గ్రంథం ‘ముఅత్తా’లో ఈ సంగతి అబూబక్ర్ నోటి మాటగానే ఉంది. తర్వాత 717లో ఖలీఫా అయిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, అమ్రా దగ్గరున్న హదీసులను రాయించమని ఉత్తరం రాసింది కూడా ఈ అబూబక్ర్‌కే.

జెరూసలేంలో ఉమ్ముద్దర్దా అనే పండితురాలి దగ్గర ఖలీఫా అబ్దుల్ మలిక్ కూర్చునేవారు. మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) అజాన్ కాగానే ఆ పెద్దావిడ ఆయన ఆసరాతో లేచి మసీదులోకి నడిచేవారు.

ఉంగరాల కథ చెప్పిన రోజు ఒక పాప, ‘ఆపా, జడ్జి నిజంగా ఆమె మాట విన్నాడా?’ అని రెండుసార్లు అడిగింది. ఆ పాప కోసమైనా అమ్రా మీద ఒక పూర్తి వ్యాసం వేయండి.

– ఒక హదీసు ఉపాధ్యాయురాలు