సఫేద్ కొండ మీద నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? మొన్న పంపిన డబ్బు అందే ఉంటుంది.

"ఆ ఊళ్లో చూడదగ్గ క్షేత్రాలేమైనా ఉన్నాయా" అని ఫోన్లో అడిగారు. అప్పుడు పనిలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇజ్రాయెల్‌లో నేనుంటున్న ఈ సఫేద్ ఊరు ఊరంతా యూదులకు పుణ్యక్షేత్రమే. నేను చూసుకునే పెద్దాయన్ని సబా అంటాను, అంటే తాత అని. ఆయన నోట ఎప్పుడూ ఒకటే పేరు, రబ్బీ ఇసాక్ లూరియా. రబ్బీ అంటే యూదుల మత గురువు.

లూరియాగారు 1534లో జెరూసలేంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి ఈజిప్టులో మేనమామ ఇంటికి తీసుకెళ్లింది. అక్కడ నైలు నది మధ్య లంకలో ఏళ్ల తరబడి ఏకాంతంగా చదువుకున్నారట. లంక అనగానే నాకు మన గోదావరే గుర్తొచ్చింది. 1570లో సఫేద్ వచ్చారు. రెండేళ్లకే ప్లేగులో పోయారు. అప్పటికి 38 ఏళ్లు!

ఆయన చేత్తో రాసింది చాలా తక్కువ. రాయమంటే, నోరు తెరిస్తేనే సముద్రం గట్టు తెంచుకున్నట్టు వస్తుంది, పుస్తకంలో ఎలా పట్టించను అన్నారని చెప్పుకుంటారు. శిష్యుడు హయ్యీం వితాల్ రాసిపెట్టబట్టి బోధలు మిగిలాయి. మన బ్రహ్మంగారి పక్కన సిద్దయ్యలాగ.

లూరియాగారి బోధ ఇదీ: దేవుడే అంతటా నిండి ఉంటే లోకానికి చోటేదీ? అందుకని ఆయన తనను తాను కుదించుకుని ఖాళీ చేశాడట. అందులోకి వెలుగు పంపితే, పట్టాల్సిన పాత్రలు తట్టుకోలేక పగిలాయి. పెంకులతోపాటు ఆ వెలుగు రవ్వలు లోకమంతా రాలాయి. మనం చేసే ప్రతి ప్రార్థన, ప్రతి మంచి పని ఒక్కో రవ్వను ఏరి పైకి చేర్చడమే. సూప్ తాగిస్తుంటే సబా నా చెయ్యి పట్టుకుని ఇదంతా చెప్పి, "నువ్వు చేసేదీ అదేనమ్మా" అన్నారు. ఏడుపు ఆపుకోలేకపోయాను నాన్నా.

లూరియాగారి సమాధికి నీలం రంగు వేసి ఉంటుంది. సబా మెట్లు దిగలేరు కాబట్టి నేనే వెళ్లి దీపం పెట్టి వస్తాను. మొన్న అమ్మ పేరున కూడా ఒకటి పెట్టాను.

ఆ రోజుల్లో శుక్రవారం పొద్దుగూకే వేళ గురువు, శిష్యులు పొలాల్లోకి వెళ్లి సబ్బాతును, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినాన్ని, పెళ్లికూతురిలా ఎదుర్కొని తెచ్చుకునేవారు. అప్పట్లో ఇదే ఊళ్లో ఉన్న అల్కబెట్స్ అనే ఆయన కట్టిన పాటను సబా ఇప్పటికీ ఇంట్లో పాడతారు. ఆఖరి చరణం రాగానే చెయ్యి ఊపుతారు, వీల్‌చైర్ గుమ్మం వైపు తిప్పాలి. పెళ్లికూతురు వచ్చేది అటునుంచే కదా.

ఇవాళా శుక్రవారమే. పొద్దుగూకితే సబ్బాతు, ఇక పొయ్యి వెలిగించకూడదు, వంట ఇంకా సగంలో ఉంది. ఉంటాను.

మీ చిన్నమ్మాయి