గర్వం అంటే మా వీధిలో వేరే అర్థం

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ తర్వాత ఏం చదవాలి అంటూ మీరు వేసిన పేజీ మా ఇంట్లో అందరం చదివాం. సైకాలజీ గురించి అందులో నాలుగు లైన్లున్నాయి, కౌన్సెలర్ కావచ్చు, ఆసుపత్రుల్లో పనిచేయొచ్చు, టెన్షన్ పడే పిల్లలకు సాయపడొచ్చు అని. తప్పేం కాదు. కానీ సోషల్ సైకాలజీ అనేది ఒకటుందని, మనిషి పదిమందిలో పడ్డాక ఎందుకు మారతాడో చెప్పే చదువు అదేనని ఒక్క ముక్క కూడా లేదు. నేను ఒడిశాలోని బరంపురంలో తెలుగు ఇంట్లో పుట్టి ఈ ఏడే ఎం.ఏ. సైకాలజీ పూర్తి చేశాను. మా సరిహద్దు జిల్లాల పిల్లలకు ఇంతకంటే దగ్గరి చదువు లేదని గట్టిగా నమ్ముతున్నాను, అందుకే రాస్తున్నా.

ఇచ్ఛాపురంలో బస్సెక్కినప్పుడు మా నాన్న ఫోన్‌లో తెలుగు గట్టిగానే మాట్లాడతారు. బస్సు ఒడిశాలోకి వచ్చి పక్క సీట్లో ఎవరైనా కూర్చోగానే గొంతు తగ్గిపోతుంది, "ఇంటికెళ్ళాక చేస్తాను" అని పెట్టేస్తారు. ఎవరూ ఏమీ అనలేదు, అలా చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. శ్రీకాకుళంలో చుట్టాలింటికి వెళ్తేనేమో "మీ తెలుగు ఒరియాలా ఉందే" అని నవ్వుతారు.

క్లాసులో కెనడా సైకాలజిస్టు లాంబర్ట్ చేసిన ప్రయోగం చెప్పిన రోజు నాకు నాన్నే గుర్తొచ్చారు. ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కలిసి ఉండే మాంట్రియల్‌లో రెండు భాషలూ బాగా వచ్చిన మనుషుల చేత ఒకే విషయాన్ని ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి ఫ్రెంచిలో చదివించి రికార్డు చేశారు. వినేవాళ్ళకు రెండూ ఒకే మనిషి గొంతని తెలియదు. ఈయన తెలివైనవాడా, అందగాడా, నమ్మదగినవాడా అని అడిగితే ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ మార్కులు పడ్డాయి, అది కూడా ఇంగ్లీషువాళ్ళే కాదు, ఫ్రెంచి ఇళ్ళలో పుట్టినవాళ్ళూ అలాగే వేశారు. ఇది 1960 నాటి మాట. తన భాషకు తానే తక్కువ మార్కులు వేసుకునే ఆ మనిషిని నేను రోజూ ఇంట్లో చూస్తున్నాను.

అందుకే ఎం.ఏ. చివర రాసే పరిశోధన వ్యాసం, అదే డిసర్టేషన్, మా తెలుగు వీధుల మీద చేస్తానన్నాను. గైడ్ మంచివారే, కానీ మనుషులకు తమ భాష మీద ఎంత అభిమానమో కొలిచే స్టాండర్డ్ ప్రశ్నావళి, అంటే ముందే పరీక్షించి ఖాయం చేసినది, తెలుగులో ఉందా అని మొదటి ప్రశ్న వేశారు. నాకు దొరకలేదు. సరే, ఇంగ్లీషుదే తెలుగు చేద్దామని కూర్చున్నాం. ఒకరు తెలుగులోకి మార్చడం, మొదటి ఇంగ్లీషు ప్రతి చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం, రెండు ఇంగ్లీషులూ కలిస్తే పాసైనట్టు. పద్ధతి ప్రకారం అన్నీ పాసయ్యాయి.

ఆ కాగితం పట్టుకుని మా వీధిలో పట్టు నేసే ఇంట్లో ఒక మామ్మగారి దగ్గర కూర్చున్నాను. "నేను తెలుగుదాన్నని గర్వపడతాను, ఒప్పుకుంటారా మామ్మా?" అని అడిగితే ఆవిడ నొచ్చుకుంది. "గర్వమేటమ్మా, గర్వం ఉంటే మనిషి చెడిపోడూ? మాకలాంటిదేం లేదు." కాగితం మీద ఐదుకి ఆవిడకి ఒకటి పడింది, అంటే అసలు ఒప్పుకోను అని. తెలుగు పాట వినిపిస్తే చాలు మగ్గం దగ్గర చేతులాపి వినే మనిషి! కాగితం లెక్కలో మాత్రం భాషాభిమానం లేని మనిషి అయిపోయింది. గర్వం అనే మాట తిరిగి ఇంగ్లీషులోకి వెళ్తే 'ప్రైడ్' అని సరిగ్గా కావలసిన మాటే వస్తుంది కాబట్టి ఈ తప్పు ఆ పరీక్షలో దొరకదు.

ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమన్నా ఆవిడకి ఎక్కలేదు. తర్వాత ప్రశ్నకి తనే "పన్నెండణాలు నిజమే" అంది. పదహారణాల్లో పన్నెండణాలు! ఇంతకంటే చక్కని కొలత ఎవరు తయారుచేస్తారు? కానీ టైమైపోతోందని గైడ్ ఆ పని పక్కన పెట్టించారు, చివరికి అందరిలాగే హాస్టల్ అమ్మాయిల చేత ఇంగ్లీషు కాగితాలు నింపించి డిసర్టేషన్ ఇచ్చాను. మార్కులొచ్చాయి, మనసుకు మాత్రం పట్టలేదు.

పేరున్న సైకాలజీ పత్రికల్లో పరీక్షించిన మనుషుల్లో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్ళేనని 2008లోనే లెక్క తేల్చారు, ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా చూస్తే 12 శాతమే. మా మామ్మగారు మిగతా వాటాలో మనిషి. అలాగని మన దేశంలో పని జరగలేదని కాదు. 1934 బిహార్ భూకంపం తర్వాత జనం నోట్లో ఆడిన పుకార్లను జమునా ప్రసాద్ అనే సైకాలజిస్టు సేకరించి 1935లో అచ్చువేశారు. నష్టం జరగని ఊళ్ళలో కూడా ఇంకా పెద్ద ఉపద్రవం వస్తుందన్న పుకార్లు ఎందుకు పుట్టాయా అని ఆలోచించడం అమెరికా సైకాలజిస్టు ఫెస్టింగర్‌ని కాగ్నిటివ్ డిసొనెన్స్ దాకా తీసుకెళ్ళింది, అంటే మనసులో ఉన్నవాటికి ఒకదానితో ఒకటి పొంతన కుదరకపోతే మనిషి ఏదో ఒకటి అనుకుని సర్దుకుంటాడనే సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఇవాళ అన్నిచోట్లా పాఠం. అక్కడి జనం ఏమనుకుంటున్నారో ఒకాయన రాసిపెట్టబట్టే కదా అది జరిగింది.

ఇప్పుడు గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు అక్కడి కొండజాతి సవరల మాట నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు, తెలుగు కూడా జనం మాట్లాడేట్టే రాయాలని పోరాడారు. నూరేళ్ళు దాటినా మేం తెలుగు చేసుకునే ప్రశ్నావళులు మాత్రం ఎవరూ మాట్లాడని తెలుగులోనే ఉన్నాయి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. బరంపురం, శ్రీకాకుళం, విశాఖ విశ్వవిద్యాలయాలవాళ్ళు ఒకచోట కూర్చుని తెలుగు, ఒరియా, సవర భాషల్లో వీధి మనుషులకు అర్థమయ్యే ప్రశ్నావళులు తయారుచేయించాలి. ఆ పని చేసిన ఎం.ఏ. విద్యార్థికి దాన్నే డిసర్టేషన్‌గా లెక్కించాలి, మామూలు డిసర్టేషన్ కంటే అదే కష్టం. కాలేజీ లెక్చరర్ కావడానికి రాసే నెట్ పరీక్షలో సైకాలజీ పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఇస్తున్నారు, దాని మీద కూడా మీరు రాయాలి. 2025లో విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ సైకాలజీని దూరవిద్య నుంచి తీసేసింది కాబట్టి ఉద్యోగం చేస్తూ చదువుకునే ఆడపిల్లలకు ఆ దారి కూడా పోయింది.

మీ పాఠకుల్లో ఎవరైనా ఇలాంటి కొలతలు తెలుగులో తయారుచేసి బీరువాలో పెట్టుకుని ఉంటే దయచేసి మీ పత్రికకి పంపమనండి. మామ్మగారి దగ్గరికి మళ్ళీ వెళ్తాను. ఈసారి గర్వం అనే మాట తీసేసి, అణాల లెక్కలోనే అడుగుతాను.

ఇట్లు,
ఒక ఎం.ఏ. విద్యార్థిని,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా