నిద్ర పట్టదనేగా చేశావ్?

ఒరేయ్ శీనూ,

ఫోన్లో నీతో వాదించి నెగ్గడం మా నాన్నవల్లే కాలేదు, నావల్ల ఏమవుతుంది? సగం మాటకే "అది సరేగానీ" అని అందుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇక్కడ నువ్వు అడ్డం రాలేవు.

లోకంలో స్వార్థం లేని మంచిపని అంటూ ఒక్కటీ లేదన్నావు మొన్న. గుడికి ట్యూబులైటు ఇచ్చినవాడు దానిమీద పేరు రాయించుకుంటాడు, పేరు వద్దన్నవాడు పుణ్యం లెక్కేసుకుంటాడు, పుణ్యం నమ్మనివాడు నేనెంత మంచివాణ్ణో అని మురిసిపోతాడు, ముగ్గురికీ ముట్టేది ముట్టింది అని. బాగానే ఉంది. మరి 2021 మేలో నువ్వు చేసిందేంట్రా? చెల్లెమ్మ కడుపుతో ఉంది, ఊరంతా తలుపులు బిగించుకుంది. ముక్కూమొహం తెలియని ముసలాయన కోసం ట్రాలీ ఆటో మాట్లాడుకుని కాకినాడ నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చావు. ఎందుకు చేశావురా అంటే, "వదిలేస్తే నిద్ర పట్టదు, నా నిద్ర కోసం తెచ్చా" అన్నావు.

అసలు నిద్ర ఎందుకు పట్టదు? ఆ వీధిలో మిగతావాళ్లకి పట్టింది కదా (వాళ్లని తప్పుపట్టట్లేదు, ఆ రోజులు అలాంటివి). ఆయన బతకాలని నీకు ముందే ఉంది కాబట్టే నీకు పట్టలేదు. ఆయన ఏమైనా నీకు లెక్క లేకపోతే, నీ నిద్ర చెడడానికేం వచ్చింది? తృప్తి తర్వాత వచ్చిందిరా. పొగ వస్తుంది కదా అని పొగ కోసం ఎవడూ బండి తోలడు.

అమెరికాలో డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా నీ నిద్ర వాదాన్నే పట్టుకుని పరీక్ష పెట్టాడు. 1981లో అచ్చయింది. కాలేజీ అమ్మాయిల్ని కూర్చోబెట్టి, ఎలైన్ అనే ఆవిడకి కరెంటు షాకులు ఇస్తున్నట్టు చూపించారు (నటనేలే, నిజం షాకులు కావు). ఆమె బదులు మీరు కూర్చుంటారా అని అడిగారు. కొందరికి మాత్రం, చూడాల్సింది అయిపోయింది, కావాలంటే వెళ్లిపోవచ్చన్నారు. కళ్లముందు బాధ చూడలేకే సాయం చేసేట్టయితే, వెళ్లే దారి ఉన్నవాళ్లు వెళ్లిపోవాలి. ఆమె మీద పెద్దగా జాలి కలగనివాళ్లలో ఎక్కువమంది వెళ్లిపోయారు కూడా. గట్టిగా జాలి కలిగినవాళ్లలో ఎక్కువమంది, దారి ఉండి కూడా, షాకులకి సిద్ధపడ్డారు. పండితులు దీనిమీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. జాలి పుట్టాక అవతలి మనిషి కూడా "నేనే" అనిపిస్తుంది కాబట్టి అదీ స్వార్థమేనని కొందరి వాదన. అంత పెద్ద "నేను" ఉన్నవాణ్ణి స్వార్థపరుడంటే నాకేం అభ్యంతరం లేదు.

ఇక మన డొక్కా సీతమ్మ గారు. నీకు తెలియని కథ కాదు, కానీ ఈ వాదనలో పెట్టి చూడు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాడికల్లా వండిపెట్టిన మనిషి. ఆవిడకి పుణ్యం మీద నమ్మకం లేదని నేననను, ఉండే ఉంటుంది. కానీ అంతర్వేది స్వామి దర్శనానికని బయల్దేరితే, దారిలో పెళ్లివారెవరో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని "ఇంకాస్త దూరమే, సీతమ్మ గారింట్లో అన్నం తిందాం" అని ఊరుకోబెట్టడం విని, పల్లకీ వెనక్కి తిప్పించారని చెప్పుకుంటారు కదా. నువ్వేమంటావో తెలుసు. దర్శనం కన్నా అన్నదానం పుణ్యం పెద్దదని లెక్క చూసుకుంది అంటావు. నీతో చిక్కే అది. ముందుకెళ్తే దర్శనం లాభం, వెనక్కొస్తే అన్నం లాభం. ఎటు తిరిగినా నెగ్గే వాదన ఆవిడ గురించి ఏం చెప్పినట్టు?

బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం వేళ ఆవిడ ఫోటో కావాలని కబురొస్తే ఒప్పుకోలేదట. తీసుకురాకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా అని అధికారి బతిమాలితే అప్పుడు కూర్చున్నారట. ఫోటో దిగడం కూడా ఇంకొకడి కోసమేరా!

ఫోటో అంటే గుర్తొచ్చింది, ఒక్కచోట నీతో కలుస్తాను. లాక్‌డౌన్లో చూశాం కదా, అరటిపండు ఒకటి, దానిమీద చేతులు పది. ఇచ్చేవాడి మనసులో ఏముందో నాకనవసరం, పుచ్చుకునేవాడి మొహం అందరికీ చూపించడమే నాకు ఒళ్లుమంట. అదే, ఎవరో హీరో పుట్టినరోజని ఫ్లెక్సీ కట్టి రక్తమిచ్చే కుర్రాళ్ల మీద మాత్రం ఇప్పుడు నాకు కోపం లేదు. తలసీమియా పిల్లలకి కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఏ హీరో అభిమాని ఇచ్చాడో ఆ తల్లికేం పని? కాకపోతే వాళ్లదీ నీదీ ఒకటే రకం పని అంటే ఒప్పుకోను. నీ సిలిండరు సంగతి నాకు కూడా చెల్లెమ్మ చెబితేనే తెలిసింది.

సరే, జవాబు రాయి. ఫోన్ చేశావో, ఎత్తను. చెల్లెమ్మని అడిగానని చెప్పు, బుడ్డదానికి ముద్దులు. ఆత్రేయపురం పూతరేకులు పార్సిల్ చేశాను. అవి మాత్రం శుద్ధ స్వార్థంతోనే, వచ్చే నెల హైదరాబాద్ వస్తే మీ ఇంట్లోనే దిగాలి మరి.

నీ
సూరిగాడు